లోపలికి జరగండి, ఖాళీ ఉంది

మా చర్చికి ముందు కుర్చీలు వచ్చాయి. మనుషులు రావడానికి చాలాకాలం పట్టింది.

ఒక కూడలిలో, లాండ్రీ కొట్టు మీద పొడవాటి గది అది. కింద ఇస్త్రీ ఆవిరి, సబ్బు వాసన మెట్లెక్కి మాకంటే ముందే గదిలోకి చేరేవి. ప్రతి శనివారం సాయంత్రం నేనూ మా ఆయనా ఆ గది ఊడ్చి, నీలం రంగు ప్లాస్టిక్ కుర్చీలు గోడ నుంచి గోడ దాకా వరసలు వేసేవాళ్ళం. ఆదివారం పొద్దున ఆయన ముందు నిలబడి వాక్యం చెప్పేవారు. వినడానికి నేనూ, మా అత్తయ్యా. గది కాస్తయినా నిండినట్టు కనబడాలని అత్తయ్య ఒక కొసనా, నేను ఇంకో కొసనా కూర్చునేవాళ్ళం.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. బట్టల షాపులో ప్యాంట్లు కురచ చేసే పని నాది. చేతిలో కత్తెర ఉన్నంతసేపూ మేనేజరు కూడా నా జోలికి రాడు. దేవుడి దగ్గరైనా అణకువగా ఉందామనుకునేదాన్ని గానీ, ఎవరూ కూర్చోని కుర్చీల మీద దుమ్ము తుడుస్తుంటే ఒళ్ళు మండేది. "ప్రభువా, మనిషిని పిలిచావు, సంతోషం. మరి మనుషుల్ని పంపవేం?" అని పైకే అడిగేదాన్ని.

మా ఆయన అంతకుముందు సిటీ బస్సులో కండక్టరు. కిక్కిరిసిన బస్సులో వెనక తలుపు దగ్గర్నుంచి ఒక్క కేక వేస్తే డ్రైవరు పక్కనున్నవాడు కూడా జేబులో చెయ్యి పెట్టాల్సిందే. ఎవరు ఎక్కడ ఎక్కారో, ఎక్కడ దిగాలో, టిక్కెట్టు తీసుకోకుండా కిటికీలోంచి ఎవరు మబ్బుల్ని చూస్తున్నారో, అన్నీ ఆయన బుర్రలో ఉండేవి. ఆదివారాల్లో మా పాత చర్చిలో కుర్చీలు వేసే సేవ చేసేవారు. ఒకరోజు ఉపవాస ప్రార్థన అయ్యాక, తనకు పిలుపు వచ్చిందన్నారు. ఈ కూడలిలో, ఈ రద్దీలో, ఏ చర్చి గడపా తొక్కని మనుషుల కోసం చిన్న సంఘం ఒకటి మొదలుపెట్టాలట. ఉద్యోగం వదిలేశారు. నేను వద్దనలేదు. ఆ మాట చెబుతున్నప్పుడు ఆయన మొహం చూసినవాళ్ళెవరూ వద్దనలేరు. పాత చర్చి పెద్దలు తల మీద చేతులుంచి ప్రార్థించి, పాత కుర్చీలూ, చక్రాలున్న స్పీకరు పెట్టె, దానికో వైరు లేని మైకూ ఇచ్చి సాగనంపారు.

ఆ మైకే మా కొంప ముంచింది.

సాయంత్రాలు కూడలిలో బస్‌స్టాపు పక్కన సువార్త చెప్పేవాళ్ళం. ఆయన స్టూలెక్కేవారు, అత్తయ్య టాంబరిన్ వాయించేది, నేను కరపత్రాలు పంచేదాన్ని. మైకు చేతికి రాగానే మా ఆయన నాకు తెలియని మనిషైపోయేవారు. ఇంట్లో "కొంచెం మంచినీళ్ళియ్యవే" అనే గొంతు కాస్తా, "ఓ నగరవాసులారా! మీరెచ్చటికి పోవుచున్నారు?" అని ఉరిమేది. నగరవాసులు బస్సు వచ్చే దిక్కుకేసి చూస్తుండేవారు. నా చేతిలోంచి కరపత్రం తీసుకున్నవాళ్ళు దాంతో విసురుకునేవారు. అంతా అయ్యాక ఆయన కళ్ళు మూసుకుని సుదీర్ఘంగా ప్రార్థించేవారు. కళ్ళు తెరిచేసరికి ఆ కాస్త జనమూ ఎక్కాల్సిన బస్సులెక్కి వెళ్ళిపోయి ఉండేవారు.

మా మీద అందరికంటే ఎక్కువ మంట తాళాల బాబాయ్‌కి. బస్‌స్టాపు వెనక రేకు డబ్బాలో కూర్చుని తాళాలు బాగుచేసే పెద్దాయన. "కండక్టరూ, మొండి తాళాన్ని చెవికి ఆనించుకుని, లోపలి చప్పుడు వినాలి నేను. నీ పెట్టె మోగుతుంటే నా గుండె చప్పుడే నాకు వినబడట్లేదు. కాస్త అటు తిప్పరాదూ?" అని మర్యాదగానే అడిగాడు. మా ఆయన సరేనన్నారు. మైకు పట్టుకోగానే ఆ సరేని మరిచిపోయారు.

ఇలా ఉండగా ఒకరోజు లాండ్రీ ఆవిడ పైకి వచ్చింది. గది ఆవిడదే. మంచి మనిషి. మంచిమనిషి కాబట్టే చెప్పలేక చెప్పింది.

"పాస్టరుగారూ, ఖాళీ కుర్చీలకి మీరు ప్రసంగం చెప్పడం వింటుంటే కింద నాకు ప్రాణం ఉసూరుమంటోంది. ఈ నెలాఖరు ఆదివారం దాకా చూస్తాను. ఆ రోజు కుర్చీలు నిండాయా, గది మీదే. నిండలేదా, డాన్సు మాస్టారు అడుగుతున్నాడు, ఆయనకిచ్చేస్తాను. పిల్లలు బోలెడుమంది ఉన్నారట. గదికైనా కాస్త కళ రావాలి కదండీ?"

ఆవిడ దిగిపోయాక ఆయన ఒక కుర్చీని పట్టుకుని నిలబడ్డారు.

"నిండకపోతే పాత చర్చికి వెళ్ళిపోదామే. నాకు కుర్చీలు వెయ్యడం వచ్చు. అదే చేసుకుంటాను."

"అదేం మాట?"

"ఆ రోజు ప్రభువు నా పక్కనున్నవాణ్ణెవరినో పిలిచాడేమో. తొందరపడి నేను పలికానేమో."

గది పోతే ఇంకో గది దొరుకుతుంది. కానీ ఆ మాట నిజమని ఒకసారి నమ్మితే ఈ మనిషి ఇక జన్మలో నోరు తెరవడని నాకు తెలుసు. అప్పటినుంచి నేను దేవుణ్ణి బతిమాలడం మానేసి నిలదీయడం మొదలుపెట్టాను.

ఆ తర్వాత వారమే ఆ ఘోరం జరిగింది. ఆయన ఎప్పటికంటే గట్టిగా, ఎప్పటికంటే పొడుగ్గా ప్రార్థన అందుకున్నారు. నేను కళ్ళు గట్టిగా మూసుకుని తల వంచాను. పక్కన అత్తయ్య టాంబరిన్ మెల్లగా మోగుతూనే ఉంది. కాసేపటికి ఆయన గొంతు నెమ్మదిగా దూరమవుతున్నట్టు అనిపించింది. ఆత్మావేశం అంటే ఇదే కాబోలు, మనిషి ఇక్కడుండగానే గొంతు పరలోకానికి పోతోంది అని పులకించిపోయాను. అంతలో ఆ గొంతు టక్కున ఆగిపోయింది. ఆయన అసలు గొంతు, సన్నగా, పైన స్టూలు మీదనుంచి "ఆమెన్" అంది.

కళ్ళు తెరిస్తే స్పీకరు పెట్టె లేదు. చక్రాలున్న పెట్టె కదా, ఎవరో మహానుభావుడు దర్జాగా తోసుకుపోయాడు. బస్‌స్టాపులో అందరూ చూసే ఉంటారు. ఒక్కరికీ నోరు పెగల్లేదు. కొందరు ఆకాశంలోకి చూస్తున్నారు, కొందరు నవ్వు ఆపుకోలేక పక్కకి తిరిగారు. తాళాల బాబాయ్ తల కూడా ఎత్తకుండా తాళం చెవి రాపాడుతున్నాడు.

"చూస్తారేం? దొంగని పట్టుకోండి!" అని అరిచాను. నగరవాసులు కదల్లేదు.

"దొరికినప్పుడు దొరుకుతుందిలే అమ్మాయ్," అంది అత్తయ్య తాపీగా. అత్తగారు కాబట్టి ఊరుకున్నాను.

మా ఆయన స్టూలు మీదే ఉండిపోయారు, పలకని మైకు చేత్తో పట్టుకుని. సరిగ్గా అప్పుడు చేతిలో బరువైన సంచితో ఒక ముసలావిడ వచ్చి ఆయన ప్యాంటు పట్టుకుని గుంజింది. ప్రసంగం సంగతి ఆవిడకేమీ తెలియదు.

"బాబూ, ఆస్పత్రి బస్సు ఎక్కడాగుతుంది? అడిగిన ప్రతివాడూ ఒక్కో దిక్కు చూపిస్తున్నాడు."

ఆ కూడలిలో వంతెన కడుతున్నారప్పుడు. రోడ్డంతా తవ్వేసి, బస్సులు ఆగే చోట్లన్నీ మార్చేశారు. ఏ బస్సు ఎటు తిరుగుతుందో ఎవరికీ అంతుబట్టేది కాదు. ఆయనకి తెలుసు. పాత స్నేహితులు స్టీరింగు దగ్గర్నుంచి చెప్పేవారు.

ఆయన స్టూలు దిగారు. మైకు నా చేతిలో పెట్టి, ఆవిడ సంచి అందుకున్నారు. నాలుగడుగులు వేశారో లేదో, అలవాటైన నోరు కదా, ఆగలేదు.

"ఆస్పత్రి, ఆస్పత్రి, ఆస్పత్రీ! ఆస్పత్రికెళ్ళేవాళ్ళు ఇక్కడ కాదండీ, నా వెనకాల రండి! రైల్వే స్టేషనువాళ్ళు కదలకండి, ఇక్కడే ఉండండి, మళ్ళీ నేనొచ్చి తీసుకెళ్తా!"

కూడలి కూడలంతా ఆయనకేసి తిరిగింది. ఇన్నాళ్ళూ మైకులో ఉరిమినా తిరగని తలలు అవి! ఒక గుంపు ఆయన వెనకాల నడిచింది. స్టేషనుకి వెళ్ళాల్సినవాళ్ళు బుద్ధిగా నిలబడ్డారు.

చెమటలు కక్కుతూ తిరిగి వచ్చారు. ఆ మొహం మళ్ళీ పిలుపు వచ్చిన రోజు మొహంలా ఉంది.

"ఆవిడ మనవరాలికి ఆపరేషనటే. నేను పాస్టర్ననగానే, బస్సొచ్చేలోపు ప్రార్థన చెయ్యి నాయనా అంది. చేశాను."

"బస్సొచ్చేలోపా? మీరా?"

"బస్సు మలుపు తిరుగుతుంటే ఆమెన్ అన్నాను," అని ఆయన చిన్నపిల్లాడిలా నవ్వారు.

అలా మొదలైంది. మర్నాటి నుంచి స్టూలు లేదు, మైకు లేదు, నగరవాసులారా లేదు. ఆయన బస్‌స్టాపులో ఆ చివరి నుంచి ఈ చివరికి తిరుగుతూ జనాన్ని ఎక్కాల్సిన బస్సులెక్కించేవారు. అడిగినవాళ్ళ కోసం ప్రార్థించేవారు. ప్రార్థన బస్సొచ్చేలోపు అయిపోవాలి, అదీ నియమం. ఒక్కోసారి "ప్రభువా, ఈ బిడ్డకి పరీక్ష" అనేసరికే బస్సు వచ్చేసేది. మిగతాది ఆ పిల్ల ఫుట్‌బోర్డు మీదికి ఎక్కుతుండగా పూర్తిచేసేవారు. నేను కూడా కరపత్రాలు పంచడం తగ్గించి వినడం మొదలుపెట్టాను. నాకు అది కొత్త విద్య. నోరు మూసుకోవడం ఇంత కష్టమని అంతకుముందు తెలియదు.

అన్నిటికంటే గొప్ప సంగతి ఆయన మరిచిపోకపోవడం. టిక్కెట్టు తీసుకున్న మొహాన్ని మళ్ళీ అడగని మనిషి కదా. "మనవరాలు లేచి కూర్చుందా అమ్మా?" "పరీక్ష ఎలా రాశావు తల్లీ?" "మీవాడు మాట్లాడాడా?" చివరిది ఒక వాచ్‌మన్‌ని. కొడుకు అలిగి ఇల్లు వదిలి వెళ్ళాడు. ఆ మనిషి రోజూ తన బస్సు వదిలేసి, ఇంకో బస్సు వచ్చేదాకా మా ఆయనతో మాట్లాడేవాడు. ఇన్నేళ్ళ కాపురంలో మా పెళ్ళిరోజు ఒక్కసారైనా గుర్తుపెట్టుకోని మనిషి, ఊరివాళ్ళ కొడుకుల సంగతులన్నీ గుర్తుపెట్టుకున్నారు. చూస్తూ మురిసిపోయాను, అప్పుడప్పుడు పళ్ళు నూరాను.

మీరెవరని అడిగినవాళ్ళకి యేసు ప్రభువు గురించి తన మాటల్లో చెప్పేవారు, తనకెందుకు ఆయనంటే ప్రాణమో చెప్పేవారు. "లాండ్రీ మీద చిన్న చర్చి ఉంది. నెలాఖరు ఆదివారం రండి," అని పిలిచేవారు. తాళాల బాబాయ్ ఏదో తాళాన్ని చెవికి ఆనించుకుని ఇదంతా చూస్తుండేవాడు. వింటున్నది తాళాన్నో మమ్మల్నో తెలిసేది కాదు.

నెలాఖరు ఆదివారం రానే వచ్చింది.

నాకు భయమేసి, "వెనక రెండు వరసలు తీసేద్దామండీ. ఎవరికి తెలుస్తుంది?" అన్నాను.

"ఖాళీ సీట్లు దాచే కండక్టరు ఎక్కడైనా ఉంటాడటే?" అని అన్నీ వేశారు.

వేళయింది. మెట్ల మీద అడుగుల చప్పుడైతే లేచి నిలబడ్డాం. వచ్చింది డాన్సు మాస్టారు. అద్దాలు ఎక్కడ బిగించాలో చూసుకుందామని టేపు పట్టుకుని వచ్చాడు. వెనకే లాండ్రీ ఆవిడ. కుర్చీల కేసి చూసి తల దించుకుంది. మాస్టారు మర్యాదస్థుడు, టేపు వెనక్కి దాచుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

ఇంకాసేపు గడిచింది. ఒక్క పిట్ట కూడా రాలేదు. ఆయన బైబిలు తెరిచారు. ఒకే పేజీని ముందుకీ వెనక్కీ తిప్పుతున్నారు. నాకు దేవుడి మీద ఎంత కోపం వచ్చిందంటే, ఆ క్షణంలో నా చేతిలో కత్తెర లేకపోవడమే మంచిదైంది. 'ఈయన్ని ఇంత దూరం తెచ్చింది ఇందుకా?' అని అడిగాను.

"మొదలుపెడదాం," అన్నారాయన, పాత చర్చిలో కుర్చీలు వేసే మనిషి గొంతుతో.

"ఉండరా," అంది అత్తయ్య. కిటికీ దగ్గర నిలబడి ఉందావిడ. "ఆదివారం పూట బస్‌స్టాపులో ఇంత జనం ఏమిట్రా? బస్సులొస్తున్నాయి, పోతున్నాయి. ఒక్కరూ ఎక్కట్లేదు."

ఆయన కిటికీలోంచి చూశారు. నేనూ చూశాను. బస్‌స్టాపు నిండుగా ఉంది. ఉతికిన బట్టలు, దువ్విన తలలు. ఆస్పత్రి ముసలావిడ సంచి లేకుండా కొత్తగా కనబడుతోంది, పక్కన బక్కపలచని మనవరాలు. పరీక్ష రాసిన అమ్మాయి, వాళ్ళమ్మ. వాచ్‌మన్, అతని పక్కన ముభావంగా ఒక కుర్రాడు, ముక్కు అచ్చం వాచ్‌మన్‌దే. అందరూ లాండ్రీ కేసి చూస్తూ, ఎక్కడివాళ్ళక్కడ కదలకుండా నిలబడి ఉన్నారు.

మా ఆయన నెత్తి మీద ఠప్పున కొట్టుకున్నారు.

"ఇక్కడే ఉండండి, నేనొచ్చి తీసుకెళ్తానన్నానే! అందరికీ అన్నాను! నోటికొచ్చేసిందే!"

బైబిలు కుర్చీ మీద పెట్టి, డాన్సు మాస్టార్ని పక్కకి నెట్టి, మెట్లన్నీ దూకుతూ దిగారు. రోడ్డు మధ్యకి వెళ్ళి, రెండు చేతులూ ఎత్తి, నేను పెళ్ళాడిన ఆ గొంతుతో కేకేశారు.

"చర్చి, చర్చి, చర్చీ! చర్చికొచ్చేవాళ్ళంతా రండమ్మా రండి! మెట్ల దగ్గర జాగ్రత్త! పెద్దవాళ్ళని ముందు ఎక్కనివ్వండి!"

వచ్చారు. ఒక కారు ఆగింది, ఒక లారీ ఆగింది, వాటి మధ్యలోంచి మా సంఘం రోడ్డు దాటి వచ్చింది. మెట్లు కిర్రుమన్నాయి. ముందు వరస నిండింది, దాని వెనకది నిండింది. పిల్లలు ఒళ్ళోకెక్కారు. "లోపలికి జరగండి, లోపల ఖాళీ ఉంది! గుమ్మంలో నిలబడకండి మాస్టారూ, మీరూ లోపలికి జరగండి!" అని ఆయన వెనకనుంచి అరుస్తూనే ఉన్నారు. పాపం మాస్టారు టేపుతో సహా మూడో వరసలో కూలబడ్డాడు. నేను ఏడుస్తున్నాను, సిగ్గు లేకుండా, ముక్కు చీదుకుంటూ. అంత సంతోషం నాకు అంతవరకూ తెలియదు. లేచి నా కుర్చీ కూడా ఎవరికో ఇచ్చేశాను.

ఆఖరి కుర్చీ నిండాక గుమ్మంలో దడదడమని చప్పుడైంది. తాళాల బాబాయ్. శుభ్రంగా గడ్డం గీసుకుని ఉన్నాడు. రొప్పుతూ మా స్పీకరు పెట్టెని చివరి మెట్టు మీదికి లాగాడు.

మా ఆయన పెట్టెనీ, బాబాయ్‌నీ మార్చి మార్చి చూశారు.

"నేనే తీశాను కండక్టరూ," అన్నాడు బాబాయ్. "అడిగినా తిప్పలేదు కదా, కడుపు మండింది. మర్నాడే తిరిగిచ్చేద్దామనుకున్నా. ఈలోగా నువ్వు అది లేకుండా మాట్లాడుతుంటే వినబుద్ధేసింది. ఇచ్చేస్తే మళ్ళీ మొదలెడతావని భయమేసి దాచాను. పోలీసుల్ని పిలుస్తావో, ప్రార్థనే చేస్తావో నీ ఇష్టం. అయినా ఆ రోజు పెద్దావిడ చూసింది," అన్నాడు.

తలలన్నీ అత్తయ్యకేసి తిరిగాయి.

"చూశాను," అంది అత్తయ్య. "అందరూ కళ్ళు మూసుకుంటే ఎలా? నేనెప్పుడూ తెరిచే ఉంచుతాను."

"అత్తయ్యా! చూసి ఊరుకున్నారా?" నా గొంతు కీచుమంది.

"ఊరుకోలేదు. పట్టుకెళ్ళు నాయనా అని చేత్తో సైగ చేశాను. వాణ్ణి కన్నదాన్నే, వాడి గొంతు నాకు తెలీదా? ఆ పెట్టెలోంచి వచ్చేది వాడి గొంతు కాదు."

ముందు నవ్వింది లాండ్రీ ఆవిడ. తర్వాత గదంతా నవ్వింది. మా ఆయన నవ్వుతూ కళ్ళు తుడుచుకుని, బాబాయ్‌ని కావలించుకున్నారు. "తప్పు నాది బాబాయ్. పెట్టె అటు తిప్పుతానని మాటిచ్చి మరిచిపోయాను. కూర్చో," అన్నారు. కూర్చోవడానికి ఒక్క కుర్చీ లేదు. బాబాయ్ అటూ ఇటూ చూసి, స్పీకరు పెట్టెని గోడవారకి తోసి, దాని మీదే కూర్చున్నాడు.

"మాస్టారూ, మీరు వేరే గది చూసుకోవాలండీ," అంది లాండ్రీ ఆవిడ. ఆవిడకీ కుర్చీ లేదు. గోడకి ఆనుకుని నిలబడి అంది. "పాస్టరుగారూ, గది మీదే. కింద బెంచీ ఉంది, వచ్చేవారం అది కూడా తెచ్చుకోండి."

"ప్రార్థన చేద్దాం," అన్నారు మా ఆయన. "అందరూ కళ్ళు..." అని ఆగి, పెట్టె మీదున్న బాబాయ్‌ని చూశారు. "తెరిచే ఉంచండి. నేనూ తెరిచే ఉంచుతాను."

ఒక్కొక్క మొహమే చూస్తూ ప్రార్థించారు. మనవరాలి కుట్లు మానాలన్నారు, పరీక్ష ఫలితం మంచిగా రావాలన్నారు, తండ్రి పక్కన ముభావంగా కూర్చున్న కుర్రాడి దగ్గర గొంతు తగ్గించి, ఇంటికొచ్చినందుకు వందనాలన్నారు. డాన్సు మాస్టారికి మంచి గది దొరకాలన్నారు. చివరికి ఆయన చూపు వెనక నిలబడ్డ నా దగ్గరికి వచ్చింది.

"ప్రభువా," అన్నారు, "నువ్వు పిలిచింది నన్నే."

ఆమెన్ అన్నాం. అత్తయ్య టాంబరిన్ అందుకుంది. కింద బస్‌స్టాపులో ఒక బస్సు వచ్చి ఆగి, గట్టిగా హారన్ కొట్టింది. ఎవరూ లేవలేదు.